మా పెంకుటిల్లు కురవడం ఎలా ఆగింది

కోనసీమలోని మా ఊళ్లో తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఇంకా నిలిచే ఉంది. నడుమ మండువా, దాని చుట్టూ వసారాలు, ఆగ్నేయ మూల వంటిల్లు, ఆ వంటింటి కప్పులోంచి పైకి నాలుగడుగుల ఎత్తు లేచిన ఇటుకల పొగగొట్టం. అమ్మా నాన్నా ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ వేసవిలో పది రోజులు, దసరాకు నాలుగు రోజులు వెళ్లి వస్తుంటాను. ఆ ఇంటిని వానకు కురవకుండా కాపాడుకోవడం ఎంత జాగ్రత్త కోరే పనో గడిచిన ఐదేళ్లలోనే నాకు తెలిసివచ్చింది. పెంకుటిళ్లు ఉన్నవాళ్లు మాలాగా ఏటేటా డబ్బు పోసి అదే చోట అదే చెమ్మను చూస్తూ కూర్చోకూడదని, జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట కనిపించింది ఒక మరక. వంటింట్లో పాత కట్టెల పొయ్యి గట్టుకు పైన, పొగగొట్టం గోడలో కలిసే చోట, అరచేయంత మేర టీ డికాక్షన్ రంగులో సున్నం చెమ్మగిల్లింది. ఆరిన తరువాత దాని అంచున ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి తేలింది. వేలితో రాస్తే ఎన్నో ఏళ్ల కిందటి పొగ వాసన వచ్చింది. ఆ ఏడాది కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు కురిసినప్పుడు మరక బారెడు పొడవైంది, దానికి రెండడుగుల అవతల కప్పు నుంచి బొట్లు పడడం మొదలైంది. అమ్మ కింద సత్తు గిన్నె పెట్టి, చప్పుడుకు నిద్ర పట్టక అందులో పాత గుడ్డ వేసిందట. ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

తరువాతి వేసవిలో దగ్గరి పట్టణం నుంచి ఒక తాపీమేస్త్రిని పిలిపించాము. ఆయన పైకెక్కి చూసి, పొగగొట్టం మొదట్లో పెంకుకూ ఇటుకకూ మధ్య పాత సున్నం రాలిపోయిందని, సిమెంటు పట్టిస్తే సరిపోతుందని చెప్పాడు. చుట్టూ జానెడు వెడల్పున సిమెంటు మెత్తి నున్నగా దిద్ది వెళ్లాడు. తొలకరి వానలకు చుక్క కూడా పడలేదు. నవంబరుకు మళ్లీ గిన్నె పెట్టవలసి వచ్చింది. రెండో ఏడు సిమెంటులో ఏదో మందు కలిపి పూశారు; మూడో ఏడు తారు కాచి పోశారు; నాలుగో ఏడు దుకాణంలో ఇచ్చిన రబ్బరు పూత రెండు పొరలు వేయించాము. ప్రతిసారీ కథ అదే. ఎండాకాలం చివర చేసిన పని తొలి వానలకు నిలిచేది, దీపావళి దాటేసరికి విడిచిపెట్టేది. ఈ నాలుగేళ్లలో మేము పెట్టిన ఖర్చు ఇరవై వేలకు తక్కువ ఉండదు.

ఐదో ఏడు నాన్నగారు పక్క ఊరి నుంచి పెంకు నేసే పాత మేస్త్రిని రప్పించారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ఇప్పుడు తాను కప్పెక్కరు, కొడుకును ఎక్కించి కింది నుంచి చెబుతుంటారు. వచ్చీ రాగానే పైకి చూడలేదు. మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూయించి, దీపం ఆర్పించి, మమ్మల్ని అటకెక్కించారు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కప్పులో ఎక్కడెక్కడ వెలుతురు చొరబడుతోందో చుక్కల్లా కనిపించింది. పెంకుల మధ్య కనిపించిన మూడు చుక్కల కింద వాసాల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టించారు. బొట్లు పడే చోటు పైన మాత్రం వెలుతురే లేదు.

"ఇక్కడ పడుతున్నాయి కదా మేస్త్రి గారూ, పైన చిల్లేమీ కనిపించడం లేదేమిటండీ?" అని అడిగాను.

"నీళ్లు ఇక్కడ దిగుతున్నాయండి బాబూ, ఇక్కడ దూరట్లేదు. వాసం పట్టుకుని ఎంత దూరం నడిచొచ్చాయో చూడండి," అని ఆయన వాసం అడుగు అంచున వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోయారు. నల్లటి కర్ర మీద సన్నని చార ఒకటి, ఎండిన నీటి జాడ, రెండడుగులు పైకి వెళ్లి పొగగొట్టం వెనుక వైపు, అంటే ఏటవాలుకు ఎగువన ఉన్న వైపు ఆగింది. అక్కడ కర్రను గోటితో నొక్కితే మెత్తగా దిగింది.

మా నాలుగేళ్ల పొరపాటు ఆ చార దగ్గర తెలిసింది. మేము బొట్టు పడే చోటికి సూటిగా పైన, అంటే పొగగొట్టానికి దిగువ వైపునే ఎక్కువ సిమెంటు మెత్తించాము. అసలు సంగతి ఎగువ వైపున ఉంది. కప్పు మీద జారి వచ్చే నీరంతా పొగగొట్టం వెనుక గోడకు తగిలి అక్కడ నిలుస్తుంది. పక్కనున్న కొబ్బరిచెట్టు పూత, ఎండుటాకులు, పెంకుల మీద నుంచి కొట్టుకొచ్చిన నాచు, అన్నీ ఆ మూలలో చేరి చిన్న కట్టలా ఏర్పడతాయి. నిలిచిన నీటికి వెంట్రుకంత సందు దొరికినా చాలు.

ఆ సందు ఏటా ఎందుకు పడుతోందో కూడా మేస్త్రి గారే చెప్పారు, తరువాత నేను చదివి మరింత అర్థం చేసుకున్నాను. పొగగొట్టం ఇటుక కట్టడం, దాని పునాది దానిది, అది కదలదు. దాని చుట్టూ ఉన్న కప్పు కర్ర మీద నిలిచింది. కర్ర వానాకాలం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది, ఈదురుగాలికి కొద్దిగా ఊగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో కాలిన పెంకు మీద ఒక్కసారిగా చల్లటి జల్లు పడితే అది కూడా గబుక్కున ముడుచుకుంటుంది. ఇలా ఒకటి కదిలేది, ఒకటి కదలనిది. ఈ రెంటినీ సిమెంటుతో అతికిస్తే ఆ గట్టి ముద్ద ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. తారు, రబ్బరు పూతలు కొంతకాలం సాగుతాయి గానీ, మన ఎండకు అవి కూడా పెళుసెక్కి అంచులు లేస్తాయి. పాతకాలంలో వాడిన గానుగ సున్నం సిమెంటంత గట్టిది కాదు కనుక సన్నని కదలికలను కొంత ఓర్చుకునేది, తాతగారి హయాంలో అన్నేళ్లు నిలవడానికి అదొక కారణం. అయినా అతుకును నమ్ముకున్నంత కాలం మరమ్మతు ఏటా ఉండేదే. నీటిని అడ్డుకోకుండా ఒకదాని మీద ఒకటి కప్పుతూ దిగువకు జార్చేయాలన్నది పెంకు కప్పు అంతటికీ వర్తించే పద్ధతి. పొగగొట్టం దగ్గర మాత్రం మేము దాన్ని వదిలేశాము.

అందువల్ల ఈసారి రేకు పని చేయించాము. పాత సిమెంటు, తారు, రబ్బరు అంతా ఉలితో చెక్కించి, మెత్తబడిన వాసం ముక్కను తీయించి కొత్త కర్ర వేయించాము. మాకు సముద్రపు గాలి తగులుతుంది కనుక మామూలు జింకు రేకు ఆ ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. అల్యూమినియం రేకు తడి సున్నానికి, సిమెంటుకు తగులుతూ ఉంటే ఆ క్షారానికి తినేసుకుపోతుంది. ఈ రెండూ వద్దనుకుని అర మిల్లీమీటరు మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు తెచ్చి, ఊళ్లో రేకు పని చేసే ఆయన దగ్గర కొలతలకు వంపించాము.

రేకు వేసిన వరుస చెబుతాను, ఎందుకంటే వరుస తప్పితే రేకు వేసీ ప్రయోజనం ఉండదు. మొదట దిగువ వైపు ముక్క: అది పొగగొట్టం గోడను ఆరంగుళాల ఎత్తున ఆనుకొని, ముందుకు వంగి, కింది పెంకుల మీదుగా పరుచుకుంటుంది. తరువాత రెండు పక్కల ముక్కలు: వీటి కింది చివర దిగువ ముక్క మీదికి వస్తుంది, పెంకుల వైపు అంచును సన్నగా వెనక్కి మడిచి వేస్తారు, పక్కకు పొర్లిన నీరు ఆ మడత దగ్గర ఆగి కిందికే పోతుంది. చివరన ఎగువ ముక్క: ఇది పక్క ముక్కల మీదికి వచ్చి, దాని పై అంచు పెంకుల కిందికి మూరెడు దాకా దూరుతుంది. ఎగువ ముక్కను చదునుగా వదలకుండా, కింద కర్రతో చిన్న కొప్పులా రెండు వైపులకు వాలు కట్టి దాని మీద రేకు పరిచారు. నీరు వచ్చి గోడకు కొట్టి నిలవకుండా రెండుగా చీలి పక్కలకు జారిపోతుంది, చెత్త కూడా అక్కడ ఆగదు. నా మటుకు ఈ మొత్తం పనిలో ఎక్కువ మేలు చేసినది ఈ చిన్న కొప్పే.

ఇక రేకు పై అంచు గోడను ఆనిన చోట సందు ఉంటుంది కదా. అందుకని ఇటుకల మధ్య దర్జును అంగుళం లోతు గాడిలా తవ్వి, వేరే రేకు పట్టీ అంచును వంచి ఆ గాడిలో దూర్చి, సున్నంతో బిగించారు. ఆ పట్టీ కింది రేకు మీదికి చూరులా దిగి ఉంటుంది, కానీ దానికి మేకు గానీ అతుకు గానీ ఉండదు. కప్పు కదిలితే కింది రేకు కదులుతుంది, పై పట్టీ గోడతో పాటు నిలిచి ఉంటుంది, రెంటి మధ్య పగలడానికి ఏమీ లేదు. మేస్త్రి గారి కొడుకు చివరి పట్టీ దూర్చి దిగి వచ్చాక, నేను నిచ్చెన మీద నుంచి వేలితో దాన్ని కొద్దిగా ఎత్తి చూశాను. కాగితంలా లేచి మళ్లీ తన చోటికి వచ్చి ఆనింది.

న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలికి ఈ ఫొటోలు పంపితే, వాళ్లింటి పొగగొట్టం దగ్గర కూడా ఇదే కథ నడిచిందని చెప్పింది. అక్కడ చలికాలంలో మంచు పొగగొట్టం వెనుక పేరుకొని కరుగుతుంది, ఇటుక పీల్చుకున్న నీరు గడ్డకట్టి ఉబ్బి ఇటుకనే పగలగొడుతుంది. అక్కడి నివాస గృహాల నమూనా నియమావళి ప్రకారం, కప్పు నడికొప్పు దగ్గర కాకుండా వాలులో లేచే పొగగొట్టం 30 అంగుళాల కంటే వెడల్పుగా ఉంటే వెనుక ఇలాంటి చిన్న కొప్పు కట్టి తీరాలి. మా పొగగొట్టం అంత వెడల్పు లేదు, అయినా కొబ్బరి పూత రాలే చోట అది ఉండడమే మంచిదని నా నమ్మకం.

పొగగొట్టం పైభాగం గురించి కూడా చెప్పాలి. మాకు గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత కట్టెల పొయ్యి వెలిగించేది ఏటా ఒకటి రెండు సార్లే, పిండివంటలకు. పొయ్యి రోజూ మండినన్నాళ్లు ఆ వేడికి లోపలి ఇటుక ఆరుతూ ఉండేది. ఇప్పుడు పైనుంచి పడిన జల్లు లోపలి మసిలో ఇంకి, మసిలోని లవణాలను కరిగించుకొని గోడలోకి పాకుతోంది. మొదట కనిపించిన ఆ గోధుమరంగు మరకలో కొంత భాగం దీనిదే. ఒకాయన పైనా కిందా ఇటుకలతో మూసేయమన్నారు. అలా రెండు వైపులా బిగిస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక గోడ ఎప్పటికీ ఆరదు. మేము పైన నాలుగు మూలలా చిన్న ఇటుక కాళ్లు లేపి, వాటి మీద కడప బండ పరిపించాము. బండ నాలుగు వైపులా రెండంగుళాలు బయటికి ఉంటుంది, దాని అడుగున అంచుకు దగ్గరగా సన్నని గాడి కొట్టించాము, బండ అడుగును పట్టుకొని లోపలికి పాకే నీరు ఆ గాడి దగ్గర తెగి కింద పడిపోతుంది. పక్కల ఖాళీలకు వల బిగించడం వల్ల ఉడతలు గూడు పెట్టడం ఆగింది. కింద పొయ్యి పైన ఉన్న నోరును అలాగే తెరిచి ఉంచాము.

అటకలో సుద్దతో గుర్తు పెట్టిన మూడు చోట్ల సంగతి వేరు. అవి పెంకులవే. మావి మంగుళూరు పెంకులు. స్విట్జర్లాండుకు చెందిన బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారు 1865లో మంగుళూరులోని జెప్పులో కర్మాగారం పెట్టడంతో ఈ రకం మన దేశంలో వ్యాపించింది. అంతకు ముందే 1841లో ఫ్రాన్సులోని ఆల్సేసులో జిలార్డోనీ సోదరులు గాడితో ఒకదానికొకటి పట్టే పెంకుకు పేటెంటు తీసుకున్నారు. ఆ గాడి వల్లనే గూన పెంకుల్లా ఒకదాని మీద ఒకటి దట్టంగా పరచవలసిన అవసరం తప్పింది, చదరపు మీటరుకు 15 పెంకులు సరిపోతాయి. అయితే ఆ గాడిలో దుమ్ము, నాచు పేరుకుంటే దానిలో జారిపోవలసిన నీరు పొర్లి లోపలికి దిగుతుంది. మాకున్న మూడు చోట్లలో ఒకటి అలాంటిదే. పెంకు తీసి కొబ్బరి ఈనెలతో గాడి తోమి మళ్లీ పెట్టగానే సరిపోయింది. మిగిలిన రెండు చోట్ల పెంకు చిట్లింది. ఒకటి మట్ట పడి, ఇంకొకటి కోతుల పుణ్యమా అని నాన్నగారు చెప్పారు.

పెంకు మార్చేటప్పుడు వెనుక అచ్చుపడిన కర్మాగారం గుర్తు చూసుకోవాలి. ఒక కర్మాగారం పెంకు ఇంకోదాని గాడిలో సరిగ్గా కూర్చోదు, చూడడానికి ఒకేలా ఉన్నా నఖమంత తేడా ఉంటుంది. అందుకే పాత ఇళ్లు పడగొట్టే చోట మా పెంకు దొరికినప్పుడల్లా నాన్నగారు పాతిక ముప్ఫై తెచ్చి గొడ్లపాకలో నిలబెట్టి ఉంచుతారు. తెచ్చేటప్పుడు ఒక్కొక్కదాన్నీ ఒక చేత్తో పట్టుకొని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. గట్టిది కంచు పళ్లెంలా మోగుతుంది, కంటికి కనబడని పగులు ఉన్నది మందంగా పలుకుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మా చూరు వరుసలు రెండూ, కొప్పు పెంకుల్లో సగమూ లేచిపోయాయి. నడిమి పెంకులు చాలావరకు అలాగే ఉన్నాయి. గాలి కప్పు అంచుల దగ్గర, కొప్పు దగ్గర పెంకును పైకి లాగుతుంది, అందుకే నష్టం ముందు అక్కడ మొదలవుతుంది. ఈ పెంకు అడుగున రీపరుకు, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టే సన్నని కర్రకు, పట్టే చెవికి చిన్న రంధ్రం ఉంటుంది. అది తీగ కట్టడానికే ఉన్నదని చాలామంది గమనించరు. ఈసారి చూరు మొదటి మూడు వరుసలనూ, పక్క అంచులనూ రీపర్లకు తుప్పు పట్టని తీగతో కట్టించాము. కొప్పు పెంకుల కింద మాత్రం సిమెంటు వద్దని సున్నమే పెట్టించాము.

కప్పెక్కేటప్పుడు పెంకు నడుమ కాలు వేయకూడదు; కింద రీపరు ఉండే చోట, పెంకు మీద పెంకు పడే చోట అడుగు వేయాలి, అంతకంటే మంచిది వెదురు నిచ్చెనను కప్పు మీద పడుకోబెట్టి దాని మీద నడవడం. మరమ్మతుకని ఎక్కిన మనిషి రెండు పెంకులు మార్చి నాలుగు పగలగొట్టి దిగడం నేను స్వయంగా చూశాను.

పని అంతా మృగశిర కార్తె వచ్చేలోపు ముగిసింది. కానీ తొలకరిని నమ్మకూడదని నాలుగేళ్లు నేర్పిన పాఠం ఉంది కనుక, నేను వెళ్లబోయే ముందు గొట్టంతో నీళ్లు పట్టి చూశాము. ఇందులోనూ ఒక పద్ధతి ఉంది: ముందు చూరు దగ్గర పదిహేను నిమిషాలు పట్టాలి, ఒకరు అటకలో టార్చితో కూర్చోవాలి, ఏమీ రాకపోతే రెండడుగులు పైకి జరగాలి. మొదటే పైనుంచి నీళ్లు పడితే కప్పంతా తడిసిపోయి ఎక్కడ దూరిందో తెలియదు. చివరకు పొగగొట్టం ఎగువన అరగంట సేపు పట్టాము. అటకలో కూర్చున్న నాకు రేకు మీద నీటి చప్పుడు వినబడుతూనే ఉంది, వాసం మీద చేయి పెడితే పొడిగా ఉంది.

అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు విడవకుండా కురిసింది. రెండో రోజు రాత్రి నాన్నగారు అటకెక్కి ఫొటో తీసి పంపారు: కొత్త వాసం ముక్క మీద నేను సుద్దతో గీసిన గీత చెరగకుండా తెల్లగా ఉంది. గోడ మీది మరక మాత్రం ఇంకా పోలేదు. లోపలి తేమ ఆరి, ఉప్పు పైకి రావడం ఆగే దాకా వెల్ల వేయవద్దని మేస్త్రి గారు చెప్పారు కనుక దాన్ని అలాగే వదిలేశాము, అమ్మ మెత్తటి చీపురుతో ఆ పొడిని దులిపేస్తోంది.

ఇంకా ఒక చోటు మిగిలింది. ఇంటి వెనుక తరువాత కట్టిన డాబా గదికీ పెంకు కప్పుకూ మధ్య, పిట్టగోడ మొదట్లో, పాత సిమెంటు అతుకే ఉంది. అక్కడ ఇంకా కురవడం లేదు గానీ వెంట్రుక వాసి పగులు కనిపిస్తోంది. డాబా మీది నీరు కూడా పది అడుగులకు అంగుళం పైచిలుకు వాటం ఉంటే గానీ తూము వైపు పోదు, ఇప్పుడు అంత వాటం లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొలతలు తీసుకొని రేకు వంపించాలి, వంటింటి మీదికి వాలిన కొబ్బరిచెట్టు ఎండు మట్టలు అప్పుడే కొట్టించాలి.